గుంటూరులో విస్టీరియా: మూడేళ్ళయినా ఒక్క పువ్వు లేదు

బ్రాడీపేట పెరడు (గుంటూరు)

అందరికీ నమస్కారమండి. ఇంటి ముందు పదడుగుల ఇనుప పందిరి వేయించి దాని మీదికి విస్టీరియా అనే పూల తీగని పాకించాను. మూడేళ్ళు దాటింది. ఆకు బ్రహ్మాండంగా ఉంది, పువ్వు మాత్రం లేదు.

దీని మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్తాను. మా అమ్మాయి పురిటికి నార్త్ కరోలినా వెళ్ళాను. మార్చి నెలాఖరు, మనవడు పుట్టి పన్నెండు రోజులు. రాత్రంతా నిద్ర లేక, తెల్లారాక వాణ్ణి భుజాన వేసుకుని వెనక వరండాలోకి వస్తే పక్కింటి చెక్క పందిరి నిండా లేత ఊదా గుత్తులు. ఆకు ఒక్కటి లేదు, అన్నీ పూలే. దగ్గరికెళ్ళి చూశాను. గుత్తి జానెడు పైనే ఉంది. పువ్వు అచ్చం మన చిక్కుడు పువ్వే, మధ్యలో చిన్న పసుపు మచ్చ. పైన పూలు విచ్చుకుంటే కింద కొసన ఇంకా మొగ్గలే. ఆ వాసనకి వాడు ఏడుపు ఆపేవాడని నేనంటే మా అమ్మాయి నవ్వేది. ఆ రెండు వారాలూ పొద్దున పూట మేమిద్దరం ఆ పందిరి దగ్గరే.

అక్కడా జూలైలో 35 డిగ్రీలు, ఉక్కపోత. పైగా రోడ్ల పక్క చెట్లెక్కి కలుపు తీగలా అల్లుకుపోయి ఉంది. అలాంటిది మన దగ్గర ఎందుకు పూయదని ఆన్‌లైన్‌లో 850 రూపాయలకు తెప్పించాను. రోహిణి కార్తెలో షేడ్ నెట్ కడతాను, పొద్దున సాయంత్రం నీళ్ళు. మా బోరు నీళ్ళు కాస్త ఉప్పన. మే నెలలో ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. నెలకోసారి పేడ ఎరువు, చెంచాడు డీఏపీ వేస్తున్నాను.

మొక్క మొదలు దగ్గర ఐస్ ముక్కలు వేస్తే చలి తగిలి పూస్తుందని ఒక వీడియోలో చూశాను. వేయమంటారా? ఎరువు పెంచాలా? వచ్చే ఫిబ్రవరిలో మనవణ్ణి తీసుకుని వస్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

మేడతోట పటమట (విజయవాడ)

అక్కా, నాదీ ఇదే కథ. ఆరేళ్ళు పెంచాను. తీగ పక్కింటి డాబా పిట్టగోడ దాకా పోయింది, డ్రెయిన్ పైపుని చుట్టేసి లాగేసింది. కాండం నా మణికట్టంత అయ్యింది, పువ్వు మాత్రం కళ్ళజూడలేదు. చివరికి కొట్టేయించాను, ఆ రోజు భోజనం సహించలేదు. ఎరువు మాత్రం పెంచకండి, నేను పెంచి చూశాను, ఆకే పెరిగింది.

ఇంకో మాట. ఎవరైనా గింజలు పంపుతామంటే వద్దనండి. కాయ వెల్వెట్ గుడ్డలా మెత్తగా, చిక్కుడు కాయలా ఉంటుంది. కాయా గింజా రెండూ విషం. ఇంట్లో చిన్నపిల్లాడు తిరుగుతాడు కదా.

ఉద్యాన రిటైర్డ్ (మంగళగిరి)

అమ్మా, ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఊటీలో, సిమ్లాలో ఈ తీగ పూయడం చూశాను, అందుకే రాస్తున్నాను.

మీరు ఎండ గురించి ఆలోచిస్తున్నారు. అడ్డు ఎండ కాదు, చలి లేకపోవడం. విస్టీరియా వేసవిలో పూమొగ్గ కట్టుకుని, చలికాలం మొదలవగానే ఆకంతా రాల్చి నిద్రపోతుంది. కొన్ని వారాల పాటు గట్టి చలి తగిలితేనే ఆ మొగ్గకు మెలకువ వస్తుంది. నార్త్ కరోలినాలో వేసవి మనలాగే మండినా జనవరి రాత్రులు సున్నా దగ్గరికి దిగుతాయి. మీరు చూసిన పూలు ఆ జనవరి ఇచ్చినవి. మనకేమో 15కి దిగితే స్వెట్టర్లు బయటికి తీస్తాం. మామిడికి సంక్రాంతి చలి సరిపోతుంది, పూత వస్తుంది. దీనికి సరిపోదు. కాశ్మీరు ఆపిల్ గుంటూరులో కాయకపోవడానికి కారణం ఏమిటో ఇదీ అదే.

ఐస్ వద్దు. చలి తగలాల్సింది వేరుకి కాదు, పైన రెమ్మ మీది మొగ్గకి. మొదలు దగ్గర ఐస్ పోస్తే వేరు దెబ్బతింటుంది, అంతే.

డీఏపీ, పేడ ఎరువు ఈ రోజే ఆపండి. ఇది చిక్కుడు, కంది కుటుంబంలోది, వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని తనే పట్టుకుంటుంది. మీరు పైన ఇంకా వేస్తే ఆకు మీద ఆకు తప్ప ఏమీ రాదు. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు తిరగడం ఇనుము అందక. మట్టిలో ఇనుము ఉన్నా సున్నం ఎక్కువైతే వేరు తీసుకోలేదు, ఉప్పు బోరు నీళ్ళతో అది ఇంకా పెరుగుతుంది. ఐరన్ చిలేట్ (వేరు తీసుకోగలిగే రూపంలో ఉండే ఇనుము) పాదులో వేసి, వాన నీళ్ళు పట్టుకోగలిగితే అవే పోయండి. ఆకు బాగుపడుతుంది. పువ్వుకి మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఒకటి చూసి చెప్పండి. ఒక్కో ఆకు కాడకి ఎన్ని చిన్నాకులున్నాయి? నేలకి జానెడు ఎత్తులో అంటు కట్టిన బుడిపె కనపడుతోందా?

బ్రాడీపేట పెరడు (గుంటూరు)

మాస్టారూ, ఇప్పుడే టార్చి వేసి చూశాను. ఒక్కో కాడకి 11, కొన్నింటికి 13. కాండం కింద నుంచీ నున్నగా ఉంది, బుడిపె ఏమీ లేదు. డిసెంబర్‌లో కూడా ఆకు సగమే రాలింది. పాపం దానికి నిద్రే పట్టలేదన్నమాట.

ఉద్యాన రిటైర్డ్ (మంగళగిరి)

అయితే నిజమైన విస్టీరియానే, గింజ మొక్క. చల్లటి ఊళ్ళో పెట్టినా గింజ మొక్క పూతకి రావడానికి పది పదిహేనేళ్ళు పట్టవచ్చు. అంటు మొక్కయితే మూడు నాలుగేళ్ళలో వస్తుంది. మీ తప్పేమీ లేదమ్మా. పెంపకంలో లోపం ఉంటే ఇంత ఆకు రాదు.

కృష్ణలంక పూలబండి (విజయవాడ)

అక్కా, పెట్రియా పెట్టండి. మా అత్తగారింటి గేటు మీద తొమ్మిదేళ్ళుగా ఉంది. శివరాత్రి వచ్చేసరికి గేటు కనపడదు, అంతా ఊదా గుత్తులే. ఒక్కో పువ్వుకి బయట లేత ఊదా రంగులో ఐదు రేకుల నక్షత్రం, దాని మధ్య ముదురు ఊదా పువ్వు. లోపలిది రెండు మూడు రోజుల్లో రాలుతుంది, నక్షత్రం మాత్రం వారాల తరబడి ఉంటుంది. ఆఖరున అది బూడిద రంగుకి తిరిగి గిర్రున తిరుగుతూ కిందికి దిగుతుంది. పిల్లలు పట్టుకోవడానికి ఎగబడతారు.

మెక్సికో వైపు వేడి దేశాల తీగ, చలి అక్కర్లేదు. ఎండ ఎంత ఉంటే అంత పూత. కొనేటప్పుడు ఆకు మీద వేలు రాయండి, గరుకు కాగితంలా ఉంటే అదే. మొదటి రెండేళ్ళు కాస్త నెమ్మది, అందుకని చిన్న మొక్క వద్దు. కడియం నర్సరీల్లో పూతకొచ్చిన పెద్ద కుండీలు దొరుకుతాయి. పూత అయ్యాక మార్చిలో కత్తిరించండి, ముందు కత్తిరిస్తే పూలు పోతాయి. వాసన మాత్రం విస్టీరియా అంత ఉండదు, ముందే చెప్తున్నా.

ఉద్యాన రిటైర్డ్ (మంగళగిరి)

మంచి సలహా. గుంటూరు నల్లరేగడి కాబట్టి గుంతలో ఇసుక, ఎర్రమట్టి కలిపి కాస్త ఎత్తుగా పాదు కట్టండి. ఆగస్టులో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

బ్రాడీపేట పెరడు (గుంటూరు)

అందరికీ చాలా థాంక్సండి. మావారు ఆదివారం కడియం వెళ్ళి నాలుగడుగుల పెట్రియా తెచ్చారు. ఆకు రాసి చూశాను, పిల్లి నాలుకలా గరుగ్గా ఉంది. కొసన రెండు గుత్తులు కూడా ఉన్నాయి, బఠాణీ గింజంత మొగ్గలు.

విస్టీరియాని కొట్టేయలేకపోయాను. లంబసింగి దగ్గర స్కూల్లో పనిచేసే మా తమ్ముడు, అక్కడ పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుంటుందని, వేరుతో సహా తీసి పంపమన్నాడు. ఆకు పూర్తిగా రాలకపోయినా జనవరిలో తవ్వవచ్చా మాస్టారూ? వేరు చుట్టూ ఎంత మట్టి ఉంచాలి?

ఉద్యాన రిటైర్డ్ (మంగళగిరి)

తవ్వవచ్చమ్మా. ముందు తీగని నడుమెత్తుకి కోసేయండి, ఆకులన్నీ చేత్తో తీసేయండి. కాండం చుట్టూ మూరెడు దూరంలో గుండ్రంగా తవ్వి, మట్టి ముద్ద చెదరకుండా తడి గోనెతో బిగించి కట్టండి. దీని వేరు లోతుకి పోతుంది, కొంత తెగక తప్పదు, అందుకే పైన అంత కోయమంటున్నాను. రాత్రి బస్సులో వేయండి, ఎండ తగలకుండా తెల్లారేసరికి చేరాలి. అక్కడ పాతాక మొదటి ఏడాది ఎరువు వేయొద్దని తమ్ముడికి చెప్పండి.