ముందే తెలిసిన స్వరం దగ్గర కూడా ఒళ్ళు ఎందుకు జలదరిస్తుంది?

ప్రశ్న: తిరువాన్మియూరు శ్రోత

డిసెంబరు కచేరీల కాలంలో మా అక్కతో కలిసి చెన్నైలోని మైలాపూరు, ఆళ్వారుపేట సభలకు వెళ్ళడం నాకు చాలాకాలంగా అలవాటు. కల్యాణి, శంకరాభరణం వంటి పెద్ద రాగాల ఆలాపనలో గాయకులు మెట్టుమెట్టుగా పైకి వెళ్ళి తారస్థాయి షడ్జాన్ని, అంటే పై ‘స’ను, అందుకునేటప్పుడు నాకు మెడ వెనుక సన్నగా జలదరింపు మొదలై, భుజాల మీదుగా చేతులకు పాకి, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కొద్ది క్షణాలలోనే అంతా సద్దుమణుగుతుంది. పక్క కుర్చీలోనే ఉండే అక్క నాకంటే చక్కగా రాగాలు గుర్తుపడుతుంది కాని, ఆమెకు ఇటువంటిది ఎన్నడూ కలగలేదట. నన్ను మరింత ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటి ఉంది. ఇంట్లో పదే పదే విన్న రికార్డింగులో, ఏ స్వరం తరువాత ఏది వస్తుందో కంఠతా వచ్చిన చోటనే, మళ్ళీ అదే జరుగుతుంది. అనుకోనిది ఎదురైతే ఒళ్ళు జలదరించడం సహజం. తెలిసినదే వచ్చినప్పుడు ఎందుకు జలదరించాలి? తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం: శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు, అడయారు

ప్రతి రోమం మొదట్లోనూ మన ఇష్టంతో నిమిత్తం లేకుండా పనిచేసే చిన్న కండరం ఒకటి ఉంటుంది. చలి వేసినా, భయం వేసినా సింపథెటిక్ నాడీవ్యవస్థ దానిని బిగించడం వల్లనే రోమం నిటారుగా లేస్తుంది. సంగీతం వింటున్నప్పుడు జరిగేదీ అదే. అందుకే ఆ సమయంలో గుండె వేగం, శ్వాస కూడా మారుతాయి.

మీ అక్కగారి విషయానికి వస్తే, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో బ్లడ్, జటోరె అనే శాస్త్రజ్ఞులు 2001లో ప్రచురించిన పరిశోధన గుర్తుకు వస్తుంది. ప్రయోగంలో పాల్గొన్నవారిని, తమకు తప్పకుండా పులకింత కలిగించే సంగీతాన్ని ఎవరిది వారే ఎంచుకుని తీసుకురావాలని వారు కోరారు. ఒకరు తెచ్చిన సంగీతాన్నే మరొకరికి మామూలు సంగీతంగా వినిపించి, రెండు సందర్భాలలోనూ మెదడు పనితీరును పోల్చి చూశారు. ఒకరిని పులకింపజేసిన పాట వేరొకరికి ఏమీ కాకపోవడం మీద ఆధారపడే ఆ ప్రయోగం నడిచిందన్నమాట. ఆకలి తీరినప్పుడు పనిచేసే మెదడు భాగాలే పులకింత సమయంలోనూ చురుకుగా ఉన్నట్టు అందులో తేలింది.

మీ రెండవ సందేహానికి అదే విశ్వవిద్యాలయం నుంచి 2011లో వెలువడిన పరిశోధన మరింత దగ్గరగా వస్తుంది. పులకింత పతాకస్థాయికి చేరినప్పుడు మెదడులో ఒక భాగంలో డోపమైన్ అనే ఆనందానికి సంబంధించిన రసాయనం విడుదల కాగా, అంతకు కొన్ని క్షణాల ముందు, అంటే ఆ ఘట్టం కోసం ఎదురుచూసే వేళలో, వేరొక భాగంలో విడుదలైంది. రాబోయేది తెలిసి ఉండడం ఆనందానికి అడ్డు కాదు. ఎదురుచూపుకు అదే మూలం. తెలియనిదాని కోసం ఎవరు మాత్రం ఎలా ఎదురుచూస్తారు?

సమాధానం: వయొలిన్ విద్యార్థిని, నంగనల్లూరు

పై సమాధానంలో చెప్పిన ఎదురుచూపును కచేరీలో ఎక్కడ వినవచ్చో చెప్పడానికి ప్రయత్నిస్తాను. మీరు పేర్కొన్న రెండు రాగాలలోనూ ఉండేది కాకలి నిషాదం, అంటే ‘ని’ స్వరపు పై రూపం. అది పై షడ్జానికి అర స్వరం దూరంలోనే ఉంటుంది. గాయకుడు ఆ నిషాదం మీద కార్వై ఇచ్చి, అంటే దానిని సాగదీసి, నిలిచిపోయినప్పుడు, వెనుక తంబురా మాత్రం షడ్జాన్ని మోగిస్తూనే ఉంటుంది. చేరవలసిన స్వరం చెవిలో ఉంది, గొంతు మాత్రం అక్కడికి చేరలేదు. వయొలిన్ మీద ఆ నిషాదాన్ని పట్టి ఉంచడం మాకు కూడా కష్టమే. విల్లు దిశ మార్చినట్టు తెలియకూడదు, వేలు కొంచెం పైకి జరిగినా బిగువు సడలిపోతుంది. ప్రేక్షకులలో ఒకరిద్దరు ఊపిరి బిగపట్టడం వేదిక మీదికి కూడా తెలుస్తుందని మా గురువుగారు అంటుంటారు. షడ్జం ఎప్పుడు వస్తుందన్నది గాయకుడి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించే తీరు, వస్తుందన్నది మాత్రం నిశ్చయం.

మొబైల్ స్పీకరులో తంబురా దాదాపు వినిపించదు కనుక, రికార్డింగులను మంచి ఇయర్‌ఫోన్లతో వినండి.

సమాధానం: టీ నగర్ పాఠకుడు

సభలలో ఏసీ పెట్టే తీరు చూస్తే, నాకు కలిగిన గగుర్పాటుకు కల్యాణి కారణమా, ఏసీ కారణమా అన్న అనుమానం తీరలేదు. శాలువా కప్పుకుని విన్నప్పుడు కూడా కలిగితేనే ఆ ఘనత రాగానికి ఇస్తాను.

ప్రశ్న అడిగినవారి స్పందన

శాలువాతోనూ కలుగుతుందండీ. నిషాదం గురించి చదివిన తరువాత మళ్ళీ విని చూస్తే, జలదరింపు షడ్జం దగ్గర కాదు, దానికి కాస్త ముందే మొదలవుతోందని గమనించాను. అయితే రికార్డింగులో ఎప్పుడు వస్తుందన్నది కూడా తెలుసు కదా, మరి అక్కడ ఎదురుచూపు ఎలా మిగిలింది? ఇంకొక మాట. అక్కకు ఒళ్ళు జలదరించకపోయినా, విలంబకాలంలో, అంటే నెమ్మదైన నడకలో, పాడే క్షేత్రయ్య పదాలు వింటే కళ్ళు చెమ్మగిల్లుతాయి. నాకు పదాలు వింటే అలా జరగదు.

సమాధానం: శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు, అడయారు

రికార్డింగు సంగతికి జంషెడ్ భరూచా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపిన భేదం ఉపయోగపడుతుంది. ఫలానా పాటలో ఏది వస్తుందన్న జ్ఞాపకం ఒకటి, ఇటువంటి సంగీతంలో సాధారణంగా ఏది తరువాత ఏది వస్తుందన్న అంచనా మరొకటి. రెండవది ఏళ్ళ తరబడి వినడం వల్ల స్థిరపడి, జ్ఞాపకం ఏమి చెప్పినా లక్ష్యపెట్టకుండా తన పని తాను చేసుకుపోతుంది. అందువల్ల కంఠతా వచ్చిన పాట కూడా దానిని ప్రతిసారీ కదిలించగలుగుతుంది.

మీ అక్కగారి కన్నీటి విషయం మాత్రం ఈ చర్చలో నాకు అన్నింటికంటే ఆసక్తికరంగా తోచింది. నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలను చెబుతూ రోమాంచాన్ని, అశ్రువును వేరువేరుగానే లెక్కించింది. జాన్ స్లొబోడా 1991లో ప్రచురించిన అధ్యయనంలో కూడా శ్రోతలు ఈ రెండింటినీ వేర్వేరు చోట్ల చూపించారు. ఊహించని స్వరసమ్మేళనం (ఒకేసారి మోగే స్వరాల కలయిక) దగ్గర జలదరింపు కలిగితే, ఒక స్వరం పక్క స్వరం మీద ఆని, ఆగి, తన చోటికి జారే సందర్భాలలో కన్నీరు వచ్చింది. అది పాశ్చాత్య సంగీతం గురించిన పరిశీలన కనుక, స్వరసమ్మేళనాల మాటను మన రాగాలకు యథాతథంగా అన్వయించలేము. ఆని జారడం మాత్రం మన గమకాలకు (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులకు) కొత్త కాదు. కనుక కళ్ళు చెమ్మగిల్లేది పాటలో ఏ చోట్లో ఆమెను అడిగి ఇక్కడ రాయండి. రాగం ముఖారి అయినా, ఘంటా అయినా, పై స్వరం నుంచి మెల్లగా కిందికి జారే చోటనేనని నా అనుమానం.