గుండోవాల్డ్ రాజు కొడుకా, నకిలీనా?

పాతకోట:
క్రీ.శ. 584లో, ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకుల రాజు చిల్పెరిక్ వేట నుంచి తిరిగొచ్చి గుర్రం దిగుతుంటే ఎవడో పొడిచి చంపాడు. కొడుక్కి అప్పటికి నాలుగు నెలలు. ఆ ఏడాది చివర్లోనే బ్రీవ్‌లో కొందరు పెద్దలు గుండోవాల్డ్ అనే ఆయన్ని డాలు మీద నిలబెట్టి రాజుగా ప్రకటించారు. తాను 561లో పోయిన పెద్ద క్లోటార్ రాజు కొడుకునని ఆయన వాదన. అదే నిజమైతే చిల్పెరిక్‌కీ, బర్గండీ ఏలుతున్న గుంత్రామ్‌కీ సవతి తమ్ముడు. నకిలీ అని ఒక్క ముక్కలో తీసిపారేయడం నాకు నచ్చదు.

ఆ వంశంలో పొడవాటి జుట్టే రాచరికానికి గుర్తు. తల్లి పిల్లాడికి జుట్టు పెంచి పెదనాన్న షిల్డెబెర్ట్ దగ్గరికి తీసుకెళ్తే, కొడుకుల్లేని ఆయన ఉంచేసుకున్నాడు. క్లోటార్ రప్పించి, వీణ్ణి నేను కనలేదని జుట్టు కత్తిరించాడు. క్లోటార్ పోయాక ఆయన కొడుకు కారిబెర్ట్ చేరదీస్తే, ఇంకో కొడుకు సిగెబెర్ట్ మళ్లీ కత్తిరించి కొలోన్‌కి పంపేశాడు. ఎవడో అనామకుడైతే వాడి జుట్టు గురించి రాజులకి అంత టెన్షన్ ఎందుకు?

లెక్కలమాస్టారు:
జుట్టు కత్తిరించారంటే వాడు హక్కు అడుగుతున్నాడని భయపడ్డారు, అంతే. అందులో రక్తసంబంధం ఎక్కడ తేలింది? తల్లి రాణా దాసీనా అని ఫ్రాంకులు పట్టించుకోరు. తండ్రి నా బిడ్డే అంటే రాకుమారుడు, కాదంటే కాదు. క్లోటార్ కాదన్నాడు. కేసు అక్కడే ముగిసింది.

పాతకోట:
మరి 585లో జరిగిందో మాస్టారూ? చిల్పెరిక్ కొడుకు విషయంలో గుంత్రామ్‌కే అనుమానం వచ్చింది. బాప్తిస్మానికి రమ్మనడం, తీరా వెళ్తే బిడ్డను చూపించకపోవడం, ఇదీ వరస. మన కొలువులో ఎవడి బిడ్డో అనేశాడు. తల్లి ఫ్రెడెగుండ్ ముగ్గురు బిషప్పులతో, 300 మంది పెద్దలతో ప్రమాణం చేయించింది. సరేనన్నాడు. గుండోవాల్డ్‌కి ఆ 300 మంది దొరకలేదు, అదే తేడా.

లెక్కలమాస్టారు:
చిల్పెరిక్ ఆ బిడ్డను కాదనలేదు కదా. ఎవరి కళ్లయినా పడి హాని జరుగుతుందని విత్రీలో దాచి పెంచమన్నాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

ఉప్పుగాలి:
ఇద్దరూ రక్తం దగ్గరే ఆగిపోయారు. కొలోన్ నుంచి తప్పించుకుని కాన్‌స్టాంటినోపుల్ చేరిన గుండోవాల్డ్, అక్కణ్నుంచి బోలెడు ధనంతో మార్సెయ్‌లో దిగాడు. పిలిపించింది గుంత్రామ్ బోసో అనే దొర (రాజు గుంత్రామ్ వేరు), ఆ ధనంలో చాలా భాగం నొక్కేసిందీ ఆయనే! ఒక రాజ్యంలో చిల్పెరిక్ కొడుకు పసివాడు, ఇంకో దాంట్లో సిగెబెర్ట్ కొడుకు, 14 ఏళ్ల కుర్రాడు. దొరలకి తమ మాట వినే ఎదిగిన రాజు కావాలి. కొడుకైతే ఎంత, కాకపోతే ఎంత?

అసలు వినోదం గుంత్రామ్‌దే. ఆ 14 ఏళ్ల కుర్రాడి దూతలతో మాట్లాడుతూ, గుండోవాల్డ్ తండ్రి పిండిమర తిప్పేవాడు, నిజం చెప్పాలంటే ఉన్ని దువ్వేవాడు అన్నాడు. ఒకడికి ఇద్దరు తండ్రులా అని దూత అడిగితే అందరూ నవ్వారట.

పాతకోట:
అందుకే గుంత్రామ్ సేన గుండోవాల్డ్‌ని చుట్టుముట్టిన కొమ్మింజ్ కోట ముట్టడి చూడమంటాను. గోడ కింద సైనికులు, క్లోటార్ కాలంలో గుళ్ల గోడలకి రంగులు పూసినవాడివి నువ్వేగా అని ఎగతాళి చేశారు. ఆయన గోడ మీంచే జవాబిచ్చాడు: నాన్నకి నేనంటే గిట్టదని అందరికీ తెలుసు, నమ్మకపోతే పువాటియేలో రాడెగుండ్‌ని, టూర్‌లో ఇంగిట్రూడ్‌ని అడగండి. రాడెగుండ్ అంటే క్లోటార్ భార్య, 587 దాకా బతికే ఉంది. ఇంగిట్రూడ్ టూర్‌లో సన్యాసినుల మఠం పెట్టినావిడ. అబద్ధాలకోరు బతికున్న సాక్షి పేరు చెప్తాడా? ఎవరూ అడగలేదు. ప్రమాణం చేసిన సొంత మనుషులే కోట గుమ్మం బయటికి తెచ్చి అప్పగించారు. ఈటె కవచానికి తగిలి ఆగితే, రాయితో తల పగలగొట్టారు. చచ్చాక జుట్టూ గడ్డమూ పీకేశారు.

లెక్కలమాస్టారు:
ముట్టడిలో ఉన్నవాడు ఎవరి పేరైనా చెప్తాడు. గుంత్రామ్ అడిగించకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఇదంతా రాసిపెట్టిన గ్రెగొరీ టూర్‌కే బిషప్. ఇంగిట్రూడ్ ఆయన ఊళ్లోనే ఉంది. రాడెగుండ్ అంత్యక్రియలకి స్వయంగా వెళ్లాడు. వాళ్లు అవునని ఉంటే రాయడా?

పాతకోట:
కాదని ఉంటే ఇంకా తప్పకుండా రాసేవాడు, గుంత్రామ్‌కి అది తీపి కబురు. అవునని ఉంటే మాత్రం నోరు మెదపలేడు, ఎందుకంటే గుంత్రామ్ 592 దాకా బతికే ఉన్నాడు.