అప్‌డేట్: ఎలక్టోరల్ కాలేజీ పాఠం ఎలా నడిచిందంటే

ఇక్కడ టెక్సాస్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి ఎలక్టోరల్ కాలేజీ (అమెరికా అధ్యక్షుణ్ని రాష్ట్రాలకి కేటాయించిన ఓట్లతో ఎన్నుకునే పద్ధతి) బోర్ కొట్టకుండా ఎలా చెప్పాలని మొన్న అడిగాను కదా, క్లాసులోనే ఎన్నిక పెట్టేయమన్న సలహా బాగా పనిచేసింది. బల్లలకి రాష్ట్రాల పేర్లు అంటించి కాలిఫోర్నియాకి 54, టెక్సాస్‌కి 40, వయోమింగ్‌కి 3 ఓట్లు ఇచ్చాను. "మాకు మూడేనా?" అని వయోమింగ్ బల్ల దగ్గర ఒకటే గొడవ. జనాభా లెక్కన మీకే ఎక్కువ, ప్రతినిధుల సభ సభ్యులు, సెనేటర్లు కలిపి ఎంతమందో రాష్ట్రానికి అన్ని ఓట్లు, చిన్న రాష్ట్రానికైనా ఇద్దరు సెనేటర్లు ఉంటారు కాబట్టి అలా అవుతుందని బోర్డు మీద భాగించి చూపిస్తే ఈసారి కాలిఫోర్నియా వాళ్లు లేచారు. ఇక 2016లో దేశం మొత్తంమీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా హిల్లరీ క్లింటన్ ఎందుకు ఓడిపోయారో నేను చెప్పాల్సిన పనే లేకపోయింది, వాళ్లే చెప్పేశారు. మిగతా రాష్ట్రాల్లో గెలిచినవాళ్లకే ఓట్లన్నీ వెళ్తే, మెయిన్, నెబ్రాస్కా మాత్రం ఓట్లు విడగొట్టే సంగతి వచ్చే వారం. రాజ్యాంగ సవరణల పాఠానికి కూడా ఇలాంటి ఐడియా ఉంటే చెప్పండి.