పాత పికప్ ఘాట్‌లో హీట్ అవుతోంది, థర్మోస్టాట్ వాల్వ్ పీకించెయ్యాలా వద్దా?

ఘాట్‌బండి: అన్నలూ నాది 2008 మోడల్ డీజిల్ పికప్, ఏసీ లేదు, రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. చోడవరం నుంచి పాడేరుకి కిరాణా సరుకు వేస్తా. కింద రోడ్డు మీద టెంపరేచర్ సూది పావు దగ్గరే ఉంటది, మాడుగుల దాటి ఘాట్ మొదలయ్యాక సెకండ్ గేర్‌లో పది నిమిషాలు లాగితే చాలు ఎర్రగీత దగ్గరికెళ్లిపోద్ది, ఇంక బానెట్ ఎత్తి అరగంట కూర్చోవడమే. మా మెకానిక్ వాల్వ్ పీకేద్దాం, అది చలి దేశాలోళ్లకి, మనకెందుకు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

లోడ్‌రాజా: పీకించెయ్ తమ్ముడూ ఆలోచించకు. మా నాన్న టైమ్ నుంచి ఏ బండి కొన్నా ముందు చేసే పని అదే, ఇప్పటిదాకా ఒక్క ఇంజన్ కూడా సీజ్ అవ్వలేదు. వాల్వ్ ఇరుక్కుపోయిందంటే హెడ్ గ్యాస్కెట్ ఎగిరిపోద్ది, అప్పుడు ఎన్ని వేలు?

పానా14: రాజా అన్నా, పాత వాల్వ్ ఇరుక్కుంటుందంటే ఒప్పుకుంటా, దానికి కొత్తది వేయించాలి గానీ పీకెయ్యడమేంటి. లోపల మైనం ఉంటది, చాలావాటికి 82 డిగ్రీలు అలా వచ్చాక అది ఉబ్బి ఇంజన్ నీళ్లు రేడియేటర్‌కి పోయే దారి తెరుస్తది, ఆ నంబరు వాల్వ్ మీదే కొట్టి ఉంటది చూడండి. అది లేకపోతే ఇంజన్ సరిగా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుద్ది, కార్బన్ పడుద్ది. ఇంకోటి, కొన్ని ఇంజన్లలో వాల్వ్ తెరుచుకున్నప్పుడు దాని అడుగు భాగమే బైపాస్ దారి మూస్తది. అలాంటిదాంట్లో పీకితే వేడి నీళ్లు కొన్ని రేడియేటర్‌కి పోకుండానే వెనక్కి తిరిగొస్తాయి, ఘాట్‌లో ఇంకా హీట్ అవుద్ది.
ఘాట్‌బండి బ్రో, వాల్వ్ మూసుకునే ఉండిపోతే నీకు కింద రోడ్డు మీద కూడా హీట్ అవ్వాలి. నీకు ఘాట్‌లో మాత్రమే అంటే నా అనుమానం గాలి మీద. స్పీడ్‌లో పోతుంటే ఎదురుగాలే చల్లబరుస్తది, సెకండ్ గేర్‌లో ఫ్యానే దిక్కు. ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు బండి ఆఫ్ చేసి ఫ్యాన్ రెక్క చేత్తో ఒక తోపు తొయ్యి. బిగువుగా తిరిగి ఆగిపోతే సరే, గిర్రున రెండు మూడు చుట్లు తిరిగిందంటే మధ్యలో ఫ్యాన్‌ని ఇంజన్‌తో కలిపి తిప్పే కప్లింగ్ పోయినట్టే. బెల్ట్ లూజ్ ఉందేమో, రేడియేటర్ ఫిన్స్ దుమ్ముతో మూసుకుపోయాయేమో అదీ చూడు. రేడియేటర్ క్యాప్ మాత్రం వేడి మీద తియ్యకు, మా బాబాయ్ చెయ్యి కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

లోడ్‌రాజా: ఇవన్నీ చదవడానికి బాగుంటాయి. మే నెల ఎండలో రెండు టన్నుల లోడ్‌తో నువ్వు తోలావా ఎప్పుడైనా?

బోర్‌నీళ్లు: లోడ్ సంగతి పక్కన పెట్టండి, రేడియేటర్‌లో ఏం పోస్తున్నారు? బోర్ నీళ్లే పోస్తుంటే లోపల సున్నం పేరుకుపోయుంటది, ముందు రాడింగ్ చేయించి, అంటే రేడియేటర్ గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేయించి, కూలెంట్ పొయ్యండి.

ఘాట్‌బండి: అన్నలూ అప్‌డేట్. పానా అన్న చెప్పినట్టు ఫ్యాన్ తోస్తే సైకిల్ చక్రంలా తిరిగింది 😄 కప్లింగ్ చుట్టూ నూనె కారి దుమ్ము అట్టకట్టింది. సరే వాల్వ్ కూడా చూసేద్దామని చల్లారాక మెకానిక్ హౌసింగ్ విప్పాడు, లోపల వాల్వే లేదు!! ముందు ఓనర్ ఎప్పుడో పీకించేశాడు. నా మెకానిక్ పది నిమిషాలు మాట్లాడలేదు.

పానా14: అందుకేనా పావు దగ్గరే ఉండేది సూది, మొదటి పోస్ట్‌లోనే చెప్పావ్, నేనే పట్టించుకోలా. కొత్తది కొన్నాక బిగించే ముందు గిన్నెలో నీళ్లు పెట్టి, వాల్వ్‌ని తీగకి కట్టి, అడుగు తగలకుండా వేలాడదీసి కాచి చూడు, గోరువెచ్చగా ఉన్నప్పుడు మూసుండాలి, మరిగేసరికి పూర్తిగా తెరుచుకోవాలి.

ఘాట్‌బండి: కాచా అన్నా, అమ్మ టీ గిన్నెలోనే, తిట్లు తిన్నా. బాగానే తెరుచుకుంది. కప్లింగ్, వాల్వ్ రెండూ మార్చా, నిన్న లోడ్‌తో పాడేరు దాకా ఎక్కడా ఆపలేదు, సూది సగం దగ్గర నిలబడిపోయింది.

లోడ్‌రాజా: ఆ కప్లింగ్ మార్చడం వల్లే హీట్ పోయింది, వాల్వ్ వల్ల కాదు. నా బండికి మాత్రం వెయ్యను.

పానా14: మైలేజ్ ఎంతొస్తుందన్నా మీ బండికి?

లోడ్‌రాజా: అది వేరే విషయం.