ఈ వారం సమస్య: ‘బండి త్రాగెను సిగరెట్టు బాటలోన’

నిర్వాహకుడు (నెల్లూరు):
ఈసారి తేటగీతి పాదం. పద్యానికి ఇది చివరి పాదం, అర్థం లేనట్టు కనబడుతుంది. పై మూడు పాదాలూ మీరు రాసి అర్థం కుదర్చాలి, అదే పూరణ. మినీ బైపాస్ మీద ఏ సాయంత్రమైనా కాసేపు నిలబడండి. ఎడమ చేతి వేళ్ళ మధ్య నిప్పు పెట్టుకుని బైకు తోలేవాళ్ళు వరసగా కనబడతారు. వాళ్ళను చూసే ఈ పాదం తట్టింది.

గణాలు (గురులఘువుల, అంటే పొడుగు, పొట్టి అక్షరాల గుంపులు) తెలిసినవే: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి. దాని బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది. పాదాలన్నిటికీ రెండో అక్షరం ఒకటే కావాలనే ప్రాస నియమం లేదు. తాగేవాణ్ణి తిట్టడం ఎవరైనా చేస్తారు. బండి చేత సిగరెట్టు తాగించాలి, అది కుదిరితేనే పూరణ.

మూలాపేట మాస్టారు:

గాలి కెదురుగ పోవుచు కాల్చినంత
రెండు దమ్ములె దక్కెను, రేగు గాలి
మిగతదెల్లను మసిచేసె, మిత్రులార!
బండి త్రాగెను సిగరెట్టు బాటలోన

దమ్ము లాగినప్పుడు సిగరెట్టు కొస 900 డిగ్రీల దాకా వేడెక్కుతుందంటారు. నోటితో లాగకపోయినా ఎదురుగాలి ఆ పని చేసిపెడుతుంది. కొన్నది మనిషి, కాల్చింది గాలి.

నిర్వాహకుడు:
యతులు మూడూ చక్కగా పడ్డాయి. గా–కా, రెం–రే, మి–మి. ధార కూడా బాగుంది. కానీ మాస్టారూ, మూడో పాదం దాకా నేరమంతా గాలి మీద మోపి, చివర్లో బండిని దోషిగా నిలబెట్టారు. గాలిని పుట్టించింది బండి వేగమే అని ఒక్క మాట పడి ఉంటే ముడి విడిపోయేది. ‘మిత్రులార’ కూడా యతి కోసం పిలిచిన పిలుపే, ఆ మిత్రులకు పద్యంలో పనేమీ లేదు.

కావలి అక్కయ్య:
మసిచేసె అని ఊరుకున్నారేంది మాస్టారూ? ఆ మసి ఎక్కడికి పోయిందో చెప్పరా? వెనక కూర్చునే వాళ్ళను అడగండి, చెప్తారు. ముందు కూర్చున్నాయన బూడిద దులిపితే అది నేరుగా మా మొహాల మీదికే. ఒక్కోసారి నిప్పు రవ్వ కూడా. చున్నీ కళ్ళకు అడ్డం పెట్టుకుని కూర్చోవడం ఆడపిల్లలందరికీ అలవాటే. మీ మూడో పాదం ఇట్లా మార్చుకోండి:

మిగత నుసి చెల్లి కన్నుల మీద రాల్చె

మూలాపేట మాస్టారు:
ఒప్పుకున్నానమ్మా. మిత్రులు పోయి చెల్లెలు వచ్చింది, పద్యానికి ప్రాణం కూడా వచ్చింది.

ఒంగోలు గిత్త:
నేను విరుపుతో వస్తున్నా. బండిని పై పాదానికి కలిపి చదువుకోండి.

హెల్మెటును ట్యాంకుపై బెట్టి హేళనముగ,
ఎడమ చేయి క్లచ్చును వీడి, కుడిది రైజు
చేయుచును, వీరుడొక్కడు చెలగి నడిపి
బండి, త్రాగెను సిగరెట్టు బాటలోన

పెన్నగట్టు:
గిత్తన్నా, రెండు చోట్ల అనుమానం. ‘హెల్మెటును ట్యాంకు’ దగ్గర ‘ను’, ‘చేయి క్లచ్చును’ దగ్గర ‘యి’. రెండింటి తర్వాతా సంయుక్తాక్షరాలే ఉన్నాయి. వాటి ముందున్న ఈ అక్షరాలు గురువులు కావా?

నిర్వాహకుడు:
కావు. సమాసం కాకుండా వేరే మాటగా ఉన్నప్పుడు, తర్వాతి మాట మొదట్లో ఉన్న సంయుక్తాక్షరం ముందున్న లఘువును గురువు చేయనక్కర్లేదు. నేనిచ్చిన పాదంలో ‘బండి త్రాగెను’ కూడా అదే సంగతి, అక్కడ ‘డి’ని గురువు చేస్తే సమస్యే కూలిపోతుంది.

ఎడమ–కుడి ప్రాసయతి ఈ వారం వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది. అది యతి కోసం పెట్టినట్టు లేదు, రెండు చేతులూ కళ్ళకు కనబడుతున్నాయి. బైకు మీద పొగతాగడంలో అసలు ఇబ్బంది కూడా అక్కడే. యాక్సిలరేటరు, ముందు బ్రేకు కుడిచేతికి ఇచ్చేశారు కాబట్టి సిగరెట్టు ఎప్పుడూ ఎడమ చేతికే వస్తుంది, క్లచ్చు అనాథ అవుతుంది. ఇక ఆ నిప్పు జారి తొడ మీద పడిందనుకోండి. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నవాడు దాన్ని దులుపుకోవడానికి రెండు సెకన్లు కిందికి చూస్తే బండి 33 మీటర్లు తనంతట తానే పోయి ఉంటుంది. దీని మీద ఎవరైనా ఇంకో పద్యం రాయొచ్చు.

‘హేళనముగ’ మాత్రం బలవంతంగా తెచ్చిన మాట. ఎవరిని హేళన చేస్తున్నాడు, హెల్మెట్‌నా?

ఒంగోలు గిత్త:
పోలీసులను. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, పైగా లైసెన్సుకు మూడు నెలల అనర్హత. అది తెలిసి కూడా ట్యాంకు మీద పెట్టుకుని ఊరేగుతాడు. ముఖమంతా మూసే హెల్మెట్ పెడితే సిగరెట్టుకు దారి లేదు కదా, అందుకే అది ట్యాంకెక్కింది.

నిర్వాహకుడు:
ఆ వివరణ పద్యంలో ఉంటే ఇక్కడ చెప్పుకునే పని ఉండేది కాదు. విరుపు మాత్రం పూర్తి మార్కులకు అర్హం. ఒకటే వెలితి. విరిచాక బండి తాగలేదు, మళ్ళీ మనిషే తాగాడు. సమస్యను విప్పడం వేరు, దాటేయడం వేరు.

కనిగిరి కుర్రోడు:
మొదటిసారి రాస్తున్నా, తిట్టకండి. మొదటి పాదం దగ్గరే ఇరుక్కున్నా.

పెట్రోలు సీసాలు గల కొట్టు ముందు
కొరివి నోటను పెట్టిన కుర్రవాడ!
ఆర్పుమంటిని, వినవైతి వదిగొ మంట!
బండి త్రాగెను సిగరెట్టు బాటలోన

మూలాపేట మాస్టారు:
బాబూ, ‘పెట్రోలు’ గురువు గురువు లఘువు. అది తగణం, ఇంద్రగణాల్లో ఒకటి. తేటగీతి సూర్యగణంతో మొదలవ్వాలి. పెట్రోలును రెండో చోటికో మూడో చోటికో జరుపు, హాయిగా కూర్చుంటుంది. ‘కొట్టు ముందర పెట్రోలు కుమ్మరింప’ అను. గణాలూ సరి, కొ–కు యతీ సరి. మిగతా మూడు పాదాలూ నీవే, నేను ముట్టుకోలేదు. ‘వినవైతి వదిగొ’ దగ్గర సంధి చేసి ఆ–అ యతి నిలబెట్టావు చూడు, మొదటిసారి రాసేవాళ్ళకు అది అంత తేలిక కాదు.

పెన్నగట్టు:
ఛందస్సు సరే, విషయం దగ్గర నాకో పేచీ ఉంది. వెలుగుతున్న సిగరెట్టు కొసతో పెట్రోలు ఆవిరి అంటుకోవడం మనం అనుకున్నంత సులువు కాదు. అమెరికాలో అగ్నిప్రమాదాల పరిశోధకులు నాలుగున్నర వేల సార్లకు పైగా ప్రయత్నించి చూశారు, 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్కసారి కూడా అంటుకోలేదు. భయమంతా దాన్ని వెలిగించే మంటతోనే. లైటరు నొక్కినా, అగ్గిపుల్ల గీసినా ఆవిరి భగ్గుమంటుంది. అలాగని బంకులో సిగరెట్టుతో నిలబడమని కాదు. సిగరెట్టు ఉన్నచోట అగ్గిపెట్టె కూడా ఉంటుంది.

కనిగిరి కుర్రోడు:
మా ఊరి కొట్టు దగ్గర నేను చూసేది కూడా అదేనన్నా. సీసా వంచి గరాటులో పోస్తా ఉంటారు, పక్కనే ఇంకొకడు పుల్ల గీస్తాడు. రెండో పాదం మార్చాను:

అగ్గిపుల్లను గీసిన యబ్బిగాడ!

నిర్వాహకుడు:
బంగారం లాంటి సవరణ. కొరివి ఎవరికైనా దొరుకుతుంది, ‘అబ్బిగాడు’ మన వైపు పద్యంలోనే దొరుకుతాడు. ఇంకో సంగతి, బంకు అని రాసి ఉంటే ‘బాటలోన’ అతికేది కాదు. రోడ్డు పక్కన సీసా పెట్రోలు కొట్టు పెట్టావు కాబట్టి సమస్యలో చివరి మాటకు కూడా లెక్క కుదిరింది.

టంగుటూరు రైతు:
అందరూ తాగేవాడి వైపు నుంచే రాస్తున్నారు. పండించేవాడి వైపు నుంచి ఇదొకటి.

ఆకు నమ్మితి వేలాన, నప్పు తీర;
మిగిలినంతట బైకును మెచ్చి కొంటి;
పొలపు పొగయాకె పెట్రోలు పోసె నకట!
బండి త్రాగెను సిగరెట్టు బాటలోన

బ్యారన్‌లో, అంటే వేడితో ఆరబెట్టే కొట్టంలో, పొగాకు కాల్చి, గ్రేడు చేసి, బేళ్ళు కట్టి వేలానికి తోలితే వచ్చిన డబ్బుతోనే మా ఇళ్ళల్లో బైకులు, ఫీజులు, పెళ్ళిళ్ళు అన్నీ. టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి ఎక్కడికి పోయినా ఇదే కథ. నేను సిగరెట్టు ముట్టను. నా బండి మాత్రం రోజూ తాగుతుంది.

కావలి అక్కయ్య:
అన్నా, పద్యం కంటే కింద రాసిన చివరి రెండు వాక్యాలే గట్టిగా తగిలాయి.

నిర్వాహకుడు:
నాకూ అంతే. ‘మెచ్చి’ మీద, ‘అకట’ మీద చెయ్యి వేయాలని ఉంది, రెండూ ఖాళీ పూడ్చడానికి వచ్చినవే. భావం మాత్రం ఎవరికీ తట్టనిది. బండి తాగిందనడానికి గాలీ విరుపూ ఏవీ అక్కర్లేకుండా జమాఖర్చు లెక్కతో తేల్చేశారు. తోలుతూ తాగడం అనే అంశం నుంచి పక్కకు పోయారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, సమస్య పాదంలో మనిషి ఊసే లేదు.

కోవూరు వాసి:

పీల్చి విసిరిన పీకలో పిడుగు దాగె;
వెనుక వచ్చెడి ట్రాక్టరు వీపు తాకె;
కనగ కనగనె పొగలెత్తి కాలి, గడ్డి
బండి త్రాగెను సిగరెట్టు బాటలోన

మూలాపేట మాస్టారు:
శభాష్! గడ్డిబండి!

పెన్నగట్టు:
పెట్రోలు దగ్గర పేచీ పెట్టినవాణ్ణే, ఇక్కడ మాత్రం పెట్టను. ఎండిన వరిగడ్డికి మంట అక్కర్లేదు, నిప్పు లోపల రాజుకుంటూ ఉంటే పైన గాలి ఊదుతూ పోతుంది. ఒక్కటే ప్రశ్న. ముందు పోయేవాడు విసిరితే పీక ట్రాక్టరు మొహానికి తగలాలి గదా, వీపు ఎట్లా తాకింది?

కోవూరు వాసి:
ఇంజను మీదుగా ఎగిరి లోడు మీద పడిందబ్బా. మా డెల్టాలో కోతలయ్యాక గడ్డి మెట్ట ఊళ్ళకు పోయేటప్పుడు చూడలేదా? రెండు పక్కలా రోడ్డు మీదికి వేలాడేంత లోడు, పైన మోకులు బిగించి ఉంటాయి. డ్రైవరు ముందుకు చూస్తా ఉంటాడు, పొగ వెనక్కి పోతుంది. ఎదురొచ్చేవాళ్ళు కేక వేస్తే గానీ సంగతి తెలియదు. తెలిశాక మోకులు కోసి గడ్డి రోడ్డు మీదికి లాగేస్తారు, ట్రాలీ దక్కితే అదృష్టం. పీక విసిరినవాడు ఈపాటికి ఊరు దాటి ఉంటాడు.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం దీనికే. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా, ముందు ‘గడ్డి’ అని ఒక్క మాట చేర్చడంతో బండి నిజంగానే పొగ వదిలింది. పై మూడు పాదాల్లో వృథా మాట ఒక్కటీ లేదు. ‘వీపు’ బదులు ‘వెన్ను’ అంటే ఎలా ఉంటుందా అని ఆలోచించాను, అది దీనికంటే మెరుగ్గా లేదు. పెన్నగట్టు గారి పేచీ పద్యం మీద కాదు, పీక దారి మీద.

రెండో స్థానం టంగుటూరు రైతు గారికి. మాస్టారి పద్యాన్ని అక్కయ్య సవరణతో కలిపి ఇద్దరి పేర్ల మీదా మూడో స్థానం.

కనిగిరి కుర్రోడు:
నాకేం లేదా అన్నా?

నిర్వాహకుడు:
వచ్చే వారం కందం ఇస్తున్నా, రెండో అక్షరం ‘ట్ట’. నాలుగు పాదాలకూ ప్రాస వెతుక్కోవాలి, ఇప్పటి నుంచే మొదలుపెట్టు.

కనిగిరి కుర్రోడు:
చుట్ట, కట్ట, పొట్ట... ఇంకొకటి కావాలి.

కావలి అక్కయ్య:
చుట్ట వదిలెయ్ నాయనా, బుట్ట ఉంది, గట్టు ఉంది.