బీర పందిరి నిండా పూలే, ఒక్క కాయ నిలవడం లేదు. మిద్దెతోట ఉంచాలా, తీసేయాలా?

బోడుప్పల్ మిద్దె (ఆగస్టు మొదటి వారం)

నమస్తే అందరికీ. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది హైదరాబాద్ బోడుప్పల్, సొంత ఇల్లే, పైన మిద్దె అంతా ఖాళీగా ఉండేది. సంక్రాంతికి అమ్మ వాళ్ల ఊరు వెళ్లినప్పుడు అమ్మ పెరట్లో బీరకాయలు కోసి అప్పటికప్పుడు తొక్కుతో పచ్చడి చేసింది, ఆ రుచి నోట్లోంచి పోలేదు. వచ్చాక నేనూ పెట్టాలని పట్టుబట్టి ఇరవై గ్రో బ్యాగులు, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వేపపిండి, పందిరికి పైపులు, అన్నీ తెచ్చాను. మొత్తం 14 వేలు అయింది. మృగశిర కార్తె రోజున విత్తనాలు పెట్టాను.

తోటకూర, పాలకూర బాగా వచ్చాయి. గోంగూర రెండుసార్లు కోశాం. నా బాధంతా బీర గురించే. తీగ పందిరంతా అల్లుకుంది, రోజూ పాతిక ముప్పై పూలు పూస్తున్నాయి. ఆడపువ్వులు కూడా వస్తున్నాయి, పువ్వు కింద చిటికెన వేలంత పిందె కనిపిస్తుంది, మూడో రోజుకి పసుపు తిరిగి తొడిమ దగ్గర ఊడి కింద పడుతుంది. ఇప్పటికి పదిహేడు పిందెలు అలా ఏరాను. వీడియోలు చూసి మగపువ్వు కోసి ఆడపువ్వుకి రాయడం కూడా చేస్తున్నాను. పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి తొమ్మిదిన్నరకి పైకి వెళ్తాను, రోజూ చేస్తున్నాను, అయినా రాలిపోతున్నాయి. ఎదుగుదల బాగుండాలని పదిహేను రోజులకోసారి యూరియా నీళ్లు పోస్తున్నాను. టమాట మొక్కలకైతే ఆకులు పైకి ముడుచుకుపోయి చిన్నవైపోతున్నాయి.

ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంది. మామయ్యగారికి స్లాబు టెన్షన్, బరువుకి పగుళ్లు వస్తాయని, చెమ్మ దిగుతుందని రోజూ అంటారు. ఆయన కష్టపడి కట్టిన ఇల్లు, ఆయన భయం నాకు అర్థమవుతుంది. మావారు మొన్న రైతులు టమాటలు రోడ్డు పక్కన పారబోస్తున్న వీడియో ఒకటి చూపించి, "పండించేవాళ్లే పారబోస్తుంటే నువ్వు 14 వేలు పెట్టి పెంచడం ఎందుకు" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ వీడియో చూశాక నాకూ ఆ రాత్రి మనసు బాగోలేదు.

బీర ఎందుకు నిలవడం లేదో, స్లాబుకి నిజంగా ప్రమాదమో కాదో తెలిసినవాళ్లు చెప్పండి. తీసేయమంటే తీసేస్తాను, కానీ కారణం తెలియకుండా తీసేయాలని లేదు.

గోదారి పెరడు

అమ్మా, ముందు ఆ పందిరి జోలికి పోకు. నీ తీగకి రోగం లేదు. నువ్వు వెళ్తున్న వేళే తప్పు.

బీర సాయంత్రం పువ్వు. పొద్దుగూకే ముందు, ఐదున్నర ఆరు మధ్య విచ్చుకుంటుంది. మా నాయనమ్మ గడియారం చూసేది కాదు, పెరట్లోకి తొంగిచూసి "బీరపూలు విచ్చాయి, దీపం పెట్టండర్రా" అనేది. రాత్రంతా ఉండి తెల్లారి ఎండ తగిలేసరికి వడలిపోతుంది. నువ్వు తొమ్మిదిన్నరకి వెళ్లేసరికి అక్కడున్నది నిన్నటి పువ్వు, దాని పుప్పొడిలో ఇంక పస ఉండదు, పుప్పొడి సరిగా అందని పిందె రాలిపోతుంది. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే విచ్చుకుంటాయి కాబట్టి ఆ వీడియోల్లో పొద్దున చేయమని చెప్పి ఉంటారు. బీర, సొర, పొట్ల మూడూ సాయంత్రం నుంచే. నేతిబీర ఒక్కటి మళ్లీ పొద్దున పూస్తుంది, కలిపేసుకోకు.

ఈ రోజు ఆరింటికి వెళ్లు. మగపూలు గుత్తిగా ఒకే కాడకి వస్తాయి, ఆడపువ్వు ఒంటరిగా, కింద పిందెతో ఉంటుంది. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి రేకులు వెనక్కి మడువు, మధ్యలో పొడి వేలికి పసుపులా అంటుకోవాలి. అంటకపోతే కాసేపు ఆగు. ఆడపువ్వు మధ్యలో మూడు పాయలుగా ఉన్న చిన్న బొడిపె ఉంటుంది, ఆ మూడింటికీ తగిలేలా మెల్లగా రాయి, గట్టిగా రుద్దితే నలిగిపోతుంది. ఒక ఆడపువ్వుకి రెండు మగపూలు వాడితే మంచిది. రాసినదానికి రంగుదారం వదులుగా కట్టుకో, లేకపోతే ఏది రాశావో నీకే గుర్తుండదు. నాలుగు రోజుల్లో తొడిమ లావెక్కి పిందె కిందికి వంగిందంటే నిలిచినట్టే.

యూరియా ఆపెయ్ తల్లీ. నత్రజని ఎక్కువైతే ఆకూ తీగా పెరుగుతాయి కానీ కాపు రాదు. దాని బదులు జీవామృతం చేసుకో. పెద్ద లెక్కకి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి. నీకు అందులో పదోవంతు చాలు, అంటే 20 లీటర్ల బకెట్టుకి కిలో పేడ, లీటరు మూత్రం, పావుకిలోకి కాస్త తక్కువ బెల్లం, అంతే శనగపిండి. నీడలో రెండు రోజులు ఉంచి పొద్దునా సాయంత్రం కర్రతో కలుపు. పేడ దొరకడమే మీ సిటీలో కష్టం, దగ్గర్లో పాలవాళ్లని అడుగు.

ఇంకొకటి, రాలిన పిందెని చీల్చి చూడు. లోపల పురుగు ఉన్నా, పైన సూదితో పొడిచినట్టు గాటు, జిగురు ఉన్నా అది పండుఈగ. అవి కిందే వదలకుండా కవర్లో కట్టి పారెయ్. ఏమీ లేకపోతే నేను చెప్పిన కారణమే.

స్లాబు లెక్కలు

నేను ఇళ్ల డిజైన్ పనిలో ఉన్నాను, స్లాబు సంగతి నేను చెబుతాను.

మనుషులు తిరిగే మిద్దెకి మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకుని డిజైన్ చేస్తారు. పదిహేను అంగుళాల బ్యాగు కోకోపీట్ కలిపిన మట్టితో నిండి బాగా తడిసినప్పుడు దాదాపు 50 కిలోలు తూగుతుంది, ఉత్త ఎర్రమట్టి అయితే ఇంకా ఎక్కువ. ఆరు బ్యాగులు ఒకదానికొకటి ఆనించి పెడితే చదరపు మీటరు మీదే 300 కిలోలు, అంటే రెట్టింపు. అదే బ్యాగుల్ని పిట్టగోడ పొడవునా, కింద దూలాలూ గోడలూ ఉన్న వరస మీద ఎడంగా పెడితే భయం లేదు. గది నడిమధ్యలో గుంపుగా మాత్రం వద్దు. ఇరవై బ్యాగులంటే మొత్తం టన్ను బరువు, అది ఎక్కడ పడుతోందన్నదే ముఖ్యం. మీ ఇల్లు పాతదైనా, స్లాబు కింద ఇప్పటికే పెచ్చులు ఊడుతున్నా, చువ్వలు కనిపిస్తున్నా దగ్గర్లో ఇంజనీరుని పిలిచి చూపించండి, ఇక్కడ నేను చెప్పింది చదివి ఊరుకోకండి.

మామయ్యగారు చెమ్మ గురించి చెప్పింది నిజమే, ఆయన మాట తీసిపారేయకండి. మిద్దెతోటల్లో నేను చూసిన ఇబ్బంది బరువు కన్నా ఎక్కువగా నీళ్ల వల్లే. బ్యాగు నేల మీద నేరుగా ఉంటే దాని కింద ఎప్పుడూ తడే, పైగా వేర్లు బ్యాగు కన్నాల్లోంచి బయటికొచ్చి సన్నటి పగుళ్లలోకి దిగుతాయి. అరడుగు ఎత్తు ఇనుప స్టాండ్లు చేయించండి, కింద చీపురు పట్టాలి, గాలి ఆడాలి. రాలిన ఆకులు వాననీళ్లు దిగిపోయే గొట్టం దగ్గర పేరుకోకుండా చూడండి. అనుమానం ఉంటే ఒక పని చేయండి, గొట్టం మూసి మిద్దె మీద రెండు అంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెట్టి కింద గదుల సీలింగు చూడండి. చెమ్మ మరక కనిపిస్తే ముందు వాటర్‌ప్రూఫింగ్, తర్వాతే తోట.

మదనపల్లె దగ్గర్నుంచి

అక్కా, ఆ టమాట వీడియో గురించి రాశావు కాబట్టి నేను రాస్తున్నా. మాది టమాట పండించే ఇల్లు.

2023 జులై ఆఖర్లో మా మదనపల్లె మార్కెట్లోనే కిలో 200కి దగ్గరగా పలికింది. అప్పుడు ప్రతి చానల్లోనూ టమాటే, సామాన్యుడు ఎలా తింటాడని చర్చలు. ధర ఎక్కడం మొదలవగానే ఊరంతా నారు నాటారు, అందరిదీ ఒకేసారి కోతకొచ్చింది, రెండు నెలలు తిరగకముందే ధర పాతాళానికి పోయింది. కోత కూలీ, బాక్సుల బాడుగ, ఆటో ఖర్చు, కమీషను, ఇవన్నీ తీసేస్తే చేతికి ఏమీ మిగలని రోజు రైతు ఏం చేస్తాడు? చెట్టు మీద పండు వదిలేస్తే చీడ పట్టి మిగతాదీ పోతుంది, కోసి తెస్తే బాక్సు బాడుగ కూడా రాదు. మా నాన్న ఒకసారి మార్కెట్ దాకా తీసుకెళ్లి, ధర విని, తిరిగొచ్చే దారిలో చెరువు కట్ట దగ్గర ఆవులకి పోసి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. నేను పక్కనే కూర్చున్నా, నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

కాబట్టి మీవారికి నా తరఫున ఒక మాట చెప్పు. రైతు పారబోసేది పంట ఎక్కువై మాత్రమే కాదు, అది నిలవ ఉండదు, ఉంచడానికి చల్లటి గిడ్డంగి లేదు, సాసు చేసే ఫ్యాక్టరీలు చాలినన్ని లేవు, అమ్ముకోవడానికి వేరే దారి లేదు. నువ్వు నాలుగు మొక్కలు పెంచినంత మాత్రాన రైతుకి బేరం తగ్గదు. పైగా పదిహేడు పిందెలు రాలితే లెక్కపెట్టిన మనిషివి, రేపు బండి దగ్గర ఐదు రూపాయలకి బేరం ఆడవు. నాకు అది చాలు.

నీ టమాట ఆకుముడతకి కారణం తెల్లదోమ. అది మోసుకొచ్చే వైరస్ అది, ఒకసారి ముడుచుకున్న మొక్క కోలుకోదు. ఎరువు వేసి చూద్దాం అనుకోవద్దు, ఈ రోజే పీకి కవర్లో కట్టి పారెయ్. మిగిలిన మొక్కల దగ్గర పసుపు జిగురు అట్టలు కట్టు. ఆకు అడుగున వేపనూనె కొట్టు, లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, ఎండ లేనప్పుడు.

న్యూజెర్సీలో గోంగూర

ఇక్కడ మే నడిమికి గానీ మొక్క బయట పెట్టలేం, మంచు కొడుతుంది. మార్చి ఆఖర్లో ఇంట్లో కిటికీ దగ్గర కప్పుల్లో విత్తనాలు పెడతాం. జూన్, జులై పగళ్లు మరీ పొడుగు, అప్పుడు బీరకి అన్నీ మగపూలే వస్తాయి, ఆడపూలు కనిపించేసరికి ఆగస్టు. సెప్టెంబరు దాటితే చలి మొదలు. మొత్తం మీద ఆరు వారాల కాపు, దాని కోసం ఆరు నెలలు ఎదురుచూస్తాం.

మీకు ఇంకా అక్టోబరు దాకా టైముంది, అందుకే తీసేస్తాననే మాట చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. ఇక్కడ మా వీధిలో నాలుగు తెలుగు ఇళ్లు ఉన్నాయి, మొదటి బీరకాయ ఎవరింట్లో కాస్తే ఆ రోజు వాళ్లింట్లోనే అందరికీ భోజనం.

బోడుప్పల్ మిద్దె (తొమ్మిది రోజుల తర్వాత)

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, నిలుస్తుందో లేదో చూశాక రాద్దామని ఆగాను.

పిన్నిగారూ, మీరు చెప్పిన రోజే సాయంత్రం ఆరింటికి పైకి వెళ్లాను. ఇన్నాళ్లూ నేను ఒక్కసారీ ఆ వేళకి పైకి వెళ్లలేదు, వంట పని ఉండేది. మొగ్గలన్నీ నా కళ్ల ముందే ఒకటొకటిగా విచ్చుకున్నాయి, సన్నటి వాసన కూడా ఉంది, పూలకి వాసన ఉంటుందనే నాకు తెలియదు. ఆ రోజు రెండు ఆడపూలు, మర్నాడు ఒకటి, వాటికి రాసి ఎర్రదారం కట్టాను. ఒకటి రాలిపోయింది, చీల్చి చూస్తే పురుగేమీ లేదు. రెండు నిలిచాయి. ఒకటి జానెడు పైన పెరిగింది, ఈనెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

యూరియా ఆపేశాను. ముడత వచ్చిన టమాటలు నాలుగూ పీకేశాను, బాధగానే ఉంది. మా స్లాబు కింద పెచ్చులేమీ లేవు, నీళ్లు నిలబెట్టి కూడా చూశాం, చెమ్మ రాలేదు. స్టాండ్లకి కొలతలు ఇచ్చి వచ్చాం. కొలతలు తీసింది మామయ్యగారే, దూలాలు ఎక్కడున్నాయో ఆయనకే తెలుసు, చాక్‌పీసుతో మిద్దె మీద గీతలు గీసి బ్యాగులు వాటి మీదే ఉండాలన్నారు.

మదనపల్లె తమ్ముడూ, నీ పోస్టు మావారికి చదివి వినిపించాను. మీ నాన్నగారి సంగతి దగ్గర ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని మళ్లీ ఒకసారి చదువుకున్నారు. ఆ మాట ఇంక అనలేదు.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. ఆ పెద్ద కాయ ఎన్నాళ్లకి కోయాలి? ముదరకముందే కోసేయాలా, ఇంకా పెరగనివ్వాలా?

గోదారి పెరడు

పువ్వుకి దారం కట్టిన రోజు నుంచి ఎనిమిది పది రోజులు, అంతకంటే ఆగకు. గోరు గుచ్చితే సులువుగా దిగాలి. రేపు పొద్దున్నే కోసేయ్, మొదటి కాయ ముదరబెడితే తీగ వెనకటి పిందెలకి బలం ఇవ్వదు. తొక్కు పారేయకు, పచ్చడికి అదే కావాలి.