హమాలీకి నడుము నొప్పి: పట్టీ కడితే సరిపోతుందా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా పనిచేస్తున్న మా అన్నయ్యకు, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తిన రోజు రాత్రి నడుము పట్టేసి, నొప్పి కాలిలోకి పాకుతోంది. పట్టీ కొనమంటారా?

జవాబు: పట్టీ గాయాన్ని ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదండీ. బస్తాను ఒంటికి ఆనించి ఎత్తాలి, బరువుతో నడుము మెలితిప్పకుండా పాదాలతోనే తిరగాలి.

మరో జవాబు: ఎత్తే తీరొక్కటే చాలదు. పనిచోట భద్రత, ఆరోగ్యంపై పరిశోధించే అమెరికాలోని నియోష్ సంస్థ 1991లో సవరించిన బరువులెత్తే సూత్రం, అన్ని పరిస్థితులూ అనుకూలించినప్పుడు సైతం 23 కిలోలనే పరిమితిగా తీసుకుంటుంది. టిక్కీ అంతకంటే చాలా బరువు. కాబట్టి ఇద్దరు పట్టి వీపుకెత్తడం, తోపుడు బండి, లారీ ఎత్తుకు సరిపడే దిమ్మ కావాలని హమాలీలంతా కలిసి అడగడం ముమ్మాటికీ న్యాయమే.

ఇంకొకరు: ముందు వైద్యునికి చూపించండి. కాలికి తిమ్మిరి పెరిగినా, బలం తగ్గినా, మూత్రంపై పట్టు తప్పినా ఒక్క రోజు కూడా ఆగవద్దు.